కుడి చెంప

ముందే చెబుతున్నాను, నాకు కోపం ముక్కుమీదుంటుంది. నీళ్ళ బిల్లుల ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు నాది. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా కుళాయి రావట్లేదనీ, వస్తే మురికిగా వస్తోందనీ, నీళ్ళు రాకపోయినా బిల్లు మాత్రం టంచనుగా వస్తోందనీ జనం నా మొహం మీదే అరుస్తారు, వాళ్ళ వీధిలో పైపు నేనే పగలగొట్టినట్టు. అందరికీ "చూస్తామండీ" అని ఒకటే జవాబు చెప్పి, మింగిన కోపమంతా సాయంత్రం ఇంటికి మోసుకొస్తాను. ఇలాంటి మనిషి శనివారం ఒక్క పూటన్నా హాయిగా ఉందామని ఫొటోల క్లబ్బులో చేరింది. అక్కడా తిట్లే.

క్లబ్బంటే ఏదో ఊహించుకోకండి. రంగుల షాపు మీద ఒక గది. టర్పెంటైన్ వాసన మనకంటే ముందే మెట్లెక్కి వచ్చి కూచుంటుంది. కాళ్ళు సమంగా లేని కుర్చీలు, ఒక తెల్ల తెర, వేడెక్కితే దానంతటదే ఆరిపోయే ప్రొజెక్టరు. మాలో ఎవరికీ ఫొటోలు తియ్యడం వృత్తి కాదు. సరదాగా మొదలుపెట్టి, సరదా పోయి పంతం మిగిలినవాళ్ళం.

అక్కడ ఒక పద్ధతుంది. మన ఫొటో తెరమీద పడ్డాక మనం నోరెత్తకూడదు. అందరూ ఒక్కొక్కరే ఏం బాగుందో, ఏం బాలేదో చెబుతారు. వినాలి. చివర్న "థాంక్సండీ" అనాలి, అంతే. ఫొటోలో ఉన్నది ఎవరన్నది అసలు చెప్పకూడదు. మా అమ్మ అనీ, మా మేనత్త అనీ, ఆ రోజు ఆవిడకి జ్వరమనీ, అందుకే మబ్బు పట్టిందనీ చెప్పడానికి వీల్లేదు.

"మీ బంధుత్వం ఫొటోలో పడదమ్మా. పడినదాని గురించే మాట్లాడుకుందాం" అంటారు గీతల మాస్టారు. ఈ పద్ధతి పెట్టింది ఆయనే. ఇంజినీరింగు డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. ఏ ఫొటో చూసినా ఆయనకి మనిషి కనపడడు, గీతలు కనపడతాయి. చేతిలో పొడుగాటి కర్ర. దాంతో తెరమీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గాల్లో గీసి, "ఇదిగో, ఈ స్తంభం మీ సబ్జెక్టు మెడ కోస్తోంది" అని తీర్పు చెబుతారు. ఆయన పక్కన పళ్ళ డాక్టరు. నిజంగానే పళ్ళ డాక్టరు. ఎంత మంచి ఫొటో అయినా సరే, కన్ను దగ్గరికి జూమ్ చేయించి, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టగలిగితేనే ఒప్పుకుంటాడు. ఇద్దరూ కలిస్తే మనిషికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఒప్పుకోవాలంటే ఒళ్ళు మండుతుంది గానీ, వీళ్ళ పుణ్యమా అనే నాకు నాలుగు ముక్కలు అబ్బాయి. చేరిన కొత్తలో నేను తీసిన మొహాలన్నీ దొంగతనం కేసులో పట్టుకొచ్చినవాళ్ళలా ఉండేవి. దూరంగా నిలబడి, జూమ్ లాగి, ఫ్లాష్ కొట్టేదాన్ని. దగ్గరికెళ్ళమన్నారు, వెళ్ళాను. ఫ్లాష్ తీసి పెట్టెలో పెట్టి కిటికీ వెతుక్కోమన్నారు, వెతుక్కున్నాను. తిట్టిన ప్రతిసారీ మెట్లు దిగుతూ వాళ్ళని అంతకు రెండింతలు తిట్టుకునేదాన్ని. ఇంటికొచ్చి ఫొటో మళ్ళీ చూసుకుంటే వాళ్ళు చెప్పిందే నిజమయ్యేది. అంతకన్నా చిరాకు ఇంకోటుంటుందా.

అలా ఉండగా అక్క సంగతి వచ్చింది.

నేను పైవాటాలో ఉంటాను, అక్కా బావా కిందివాటాలో. అక్క రెడీమేడ్ బట్టల షాపులో కొలతలు సరిచేస్తుంది. పొడుగైన ప్యాంటు మడిచి కుట్టడం, వదులైన నడుం పట్టి ఇవ్వడం. నోట్లో వరసగా గుండుసూదులు కరిచిపట్టుకుని కొనడానికొచ్చినవాళ్ళతో లోకాభిరామాయణం మాట్లాడుతుంది, ఒక్క సూదీ కిందపడదు. ఆమెకి కుడి చెవి కింద, దవడ మలుపు దగ్గర ఒక గడ్డ లేచింది. మొదట గోళీ అంత. పంటినొప్పి వాపేమో అనుకుంది. చూస్తూ చూస్తూ ఉండగానే నిమ్మకాయంతైంది.

పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, చెడ్డ గడ్డ కాదు గానీ ఉంచకూడదు, తీసెయ్యాలన్నారు. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. మొహాన్ని కదిలించే నరం సరిగ్గా ఆ గడ్డలోంచే పోతుందట. నరాన్ని జాగ్రత్తగా విడదీయగలిగితే సరే. లేదంటే ఆ వైపు నోరూ చెంపా కదలవు. "నవ్వితే ఎడమవైపే నవ్వు వస్తుందమ్మా" అని డాక్టరు మెల్లిగా చెప్పాడు. మా అక్కకి నవ్వితే సొట్ట పడేది కుడి చెంప మీదే. రెండోవైపు లేదు. నాకు లేదు, మా అమ్మకి లేదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి, ఆ ఒక్క చెంప మీద వేలితో నొక్కినట్టు లోతుగా పడుతుంది. బావ పెళ్ళిచూపుల్లో ఆ సొట్ట చూసే సరేనన్నాడని ఇంట్లో అందరూ ఏడిపించేవాళ్ళు. ఆపరేషన్ తారీఖు వచ్చే నెలాఖరుకి ఇచ్చారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అక్క ఏడవలేదు. బియ్యం కడిగి పొయ్యిమీద పెట్టి, చేతులు తుడుచుకుంటూ, "ఒసేయ్, ఆపరేషన్ లోపు నా మొహం ఒక ఫొటో తియ్యవే. ఫోన్లో కాదు, నీ కెమెరాతో" అంది.

అక్క ఎవర్నీ ఏదీ అడిగే రకం కాదు. అడిగింది కాబట్టి నేను ఆ ఫొటో అదరగొట్టెయ్యాలనుకున్నాను. నేను తీసినవాటిలోకెల్లా అదే మంచిది కావాలి. క్లబ్బు ముందు పెట్టాలి, తప్పులన్నీ దులిపించుకోవాలి, మళ్ళీ తియ్యాలి. నెలాఖరుకి వంక పెట్టడానికి లేని ఫొటో అక్క చేతిలో పెట్టాలి. అదీ నా పథకం.

మొదటిది బాల్కనీలో తీశాను. పొద్దున్నే, ఎండ ముదరక ముందు. అక్కని కొంచెం పక్కకి తిప్పి, ఎడమ చెంప ముందుకొచ్చేలా కూచోబెట్టి తీశాను. నాకైతే బ్రహ్మాండంగా అనిపించింది. శనివారం తెరమీద పడగానే గీతల మాస్టారి కర్ర లేచింది.

"ఈవిడ తలలోంచి బట్టల తీగ మొలిచిందేమిటమ్మా?"

నిజమే, వెనకాల తీగ. ఈ చెవిలోంచి దూరి ఆ చెవిలోంచి బయటికొచ్చినట్టు ఉంది. దానికి బావ బనీను కూడా వేలాడుతోంది. తీసేటప్పుడు నా కళ్ళేమైపోయాయో. పళ్ళ డాక్టరు జూమ్ చేయించి, "కన్ను షార్పుగా లేదండీ, బనీను షార్పుగా ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నోరు కుట్టేసుకుని కూచుని, చివర్న "థాంక్సండీ" అన్నాను. ఆ మాట గొంతులోంచి ఈడ్చి తియ్యాల్సి వచ్చింది.

రెండోది ఇంట్లో, పడగ్గదిలో, ఖాళీ గోడ ముందు. తీగల్లేవు, బనీన్లు లేవు. దానికేమన్నారు? కళ్ళలో వెలుగు లేదన్నారు. గుంటల్లో పడిపోయినట్టున్నాయన్నారు. చెయ్యి సరిగ్గా మణికట్టు దగ్గర తెగ్గొట్టానన్నారు. "ఈవిడకి చేతులున్నాయా, ఊడి పడిపోయాయా?" అని అడిగారు మాస్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా అక్క చేతులెలా ఉంటాయో మీకేం తెలుసయ్యా అని అరవాలనిపించింది. పద్ధతి కదా, అరవకూడదు.

మూడోసారికి బావని పనిలోకి దింపాను. బావ లిఫ్టులు బాగుచేస్తాడు. చీకటి గుంటలో గంటలకొద్దీ వేలాడుతూ పనిచెయ్యగలడు గానీ, మా అక్క పక్కన తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకుని కాసేపు నిలబడమంటే మాత్రం చేతులు పీకుతాయి. కిటికీ అక్క ఎడమవైపు వచ్చేలా స్టూలు వేశాను. కిటికీలోంచి వచ్చిన వెలుగు అట్టమీద పడి, రెండోవైపు నీడని కొంచెం పలచన చేస్తుంది, అదీ ఆ అట్ట పని. బావ కుడివైపు నిలబడి పట్టుకున్నాడు. వెలుగు కుడి చెంప మీదికి పాకింది.

"అంత దగ్గరికొద్దు బావా, తియ్యి. కింద పట్టుకో. అక్క ఒళ్ళోకి. కళ్ళ వరకే వెలుగు రావాలి" అన్నాను.

"పక్కన పట్టుకోమన్నది నువ్వే కదా మరదలా. నన్ను మనిషనుకున్నావా, స్టాండనుకున్నావా?"

"స్టాండైతే నోరుండదు."

అక్క మా ఇద్దర్నీ చూసి ఏదో అనబోయి ఊరుకుంది. నేను తీశాను. కళ్ళు మెరిసిపోతున్నాయి, వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ శనివారం పళ్ళ డాక్టరు తన జన్మలో మొదటిసారి "షార్పుగా ఉంది" అన్నాడు. ఇంక గెలిచాననుకుంటున్నానా, గీతల మాస్టారు గొంతు సవరించుకుని, "అన్నీ కుదిరాయమ్మా. మనిషే బిగుసుకుపోయింది. లైసెన్సు ఫొటోకి కూచున్నట్టుంది. ఆవిడకి చేతినిండా ఏదైనా పనివ్వండి" అన్నారు.

ఇంటికెళ్ళి అక్కమీద విసుక్కున్నాను. "నువ్వు బిగుసుకుంటున్నావట. కొంచెం మామూలుగా ఉండలేవా?" అన్నాను.

"మామూలుగానే ఉన్నానే. ఇటు తిరుగు, అటు తిరుగు, గడ్డం దించు, ఊపిరి బిగబట్టకు అంటే మామూలుగా ఎవరుంటారు?" అంది. "పోనీలే, ఇది చాలు, ఇచ్చెయ్యి" అని కూడా అంది, కానీ ఫొటో చేతిలోకి తీసుకుని కాసేపు చూసి మళ్ళీ నాకే ఇచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది. కష్టపడేది నేను, తిట్లు తినేది నేను, ఈవిడకి నచ్చను కూడా నచ్చదు.

నాలుగోది షాపులో తీశాను. అక్క పనిచేసే మూల, అద్దం పక్కన, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఎవరిదో కోటు భుజం సరిచేస్తోంది. వెలుగు వీధివైపు నుంచి, అంటే ఎడమ నుంచే. నేను నేలమీద చతికిలబడి, చోటు చూసుకుని, తీగా లేకుండా చేతులూ తెగకుండా తీశాను. అక్క నన్ను మర్చిపోయి పనిలో మునిగిపోయింది. ఆ ఫొటో చూసి నాకే ముచ్చటేసింది.

శనివారం అది తెరమీద పడింది. కొరియరాఫీసులో పనిచేసే ఒకావిడ, ఎప్పుడూ వెనక కూచునేది, "చాలా బాగుందండీ" అంది. పళ్ళ డాక్టరు జూమ్ కూడా చేయించలేదు. నేను లోపల్లోపల పొంగిపోతున్నాను. అప్పుడు గీతల మాస్టారు, "ఈవిడవి పాతవి మూడున్నాయి కదా, అవీ పక్కన పెట్టండి" అన్నారు.

నాలుగూ పక్కపక్కనే పెట్టారు. ఆయన లేచి తెర దగ్గరికెళ్ళారు. కర్ర ఎత్తలేదు. చాలాసేపు చూసి ఇటు తిరిగారు.

"మీకు లైటింగు వచ్చమ్మా ఇప్పుడు. అందుకే అడుగుతున్నాను. నాలుగింట్లోనూ కుడి చెంప చీకట్లో ఉంది. మొదటిది తెలీక అనుకుందాం. మూడోదాంట్లో కళ్ళకింద నీడ ఎంత ముద్దుగా తీసేశారు. ఆ అట్ట ఇంకో జానెడు పైకెత్తితే చెంపా వచ్చేది. ఎత్తలేదు. అంటే చేతకాక కాదు. సగం మొహమే తీశారు మీరు. ఏం దాస్తున్నారు?"

నా మొహంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత ఒక్కసారిగా నెత్తురంతా మొహానికే వచ్చింది. ఇన్నాళ్ళూ మింగినదంతా, బట్టల తీగ, ఊడిన చేతులు, లైసెన్సు ఫొటో, అన్నీ కలిపి వచ్చాయి. లేచి నిలబడ్డాను.

"ఆవిడ మా అక్క. అక్కడ గడ్డ ఉంది. నెలాఖరుకి కోసేస్తారు. మీ గీతల్లో అదెక్కడ పడుతుందో గీసి చూపించండి."

పళ్ళ డాక్టరు కుర్చీలో సర్దుకున్నాడు. పద్ధతి తప్పాను, తెలుసు. ఇప్పుడు ఆయన అయ్యయ్యో అంటారు, క్షమించమ్మా అంటారు, నేను బ్యాగు సర్దుకుని విసవిసా వెళ్ళిపోవచ్చు అనుకున్నాను. ఆయన అవేవీ అనలేదు.

"దాచమని మీ అక్కగారు చెప్పారా?" అన్నారు, అంతే.

బ్యాగు సర్దుకుని వచ్చేశాను. మెట్లు దిగుతూ ఆయన్ని తిట్టుకోడానికి చూశాను గానీ మాటలు సాగలేదు. ఆ ప్రశ్న చెవిలో ఇల్లు కట్టుకుని కూచుంది.

ఇంటికొచ్చేసరికి అక్క ఇస్త్రీ చేస్తోంది. బావ టీ గ్లాసు పట్టుకుని గడపలో కూచున్నాడు. జరిగిందంతా వరసపెట్టి చెప్పాను. నావైపు మాట్లాడుతుందనీ, ఆ ముసలాయనకి బుద్ధుందా అంటుందనీ నా ఆశ. అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్చి తీసింది.

"మరి ఆయన అన్నదాంట్లో తప్పేముంది?" అంది.

"ఏంటక్కా?"

"పోయేది ఈ వైపేనే. ఇక్కడే ఉండిపోయే వైపుని నాలుగుసార్లు తీసి నాకిస్తే నేనేం చేసుకోను? అది అద్దంలో రోజూ చూసుకుంటాను కదా. పోయేదాన్ని తియ్యమన్నాను నేను."

నేను బావవైపు చూశాను. బావ గ్లాసులోకి చూస్తున్నాడు.

"మొదట్లోనే చెప్పొచ్చు కదా. ఇన్ని వారాలు..."

"నీ క్లబ్బులో అలా నేర్పారేమో అనుకున్నా. ఏదో పెద్ద విద్య కదా, మధ్యలో నేనెందుకు అని. తర్వాత తెలిసింది." అక్క చొక్కా మడతపెడుతూ మాట్లాడుతోంది, నావైపు చూడకుండా. "నీకు దీన్ని చూడ్డం భయం. కెమెరాతోనే కాదు. అన్నం తినేటప్పుడు ఎప్పుడూ నా కుడిపక్కన కూచునేదానివి, ఇప్పుడు ఎడమపక్కకి మారావు. మీ బావ రోజూ తైలం రాస్తాడు దీనికి, ఉపయోగం లేదని తెలిసినా. నువ్వొక్కసారి చెయ్యి పెట్టి చూశావా? అందరూ దీన్ని వదిలేసి నాతో మాట్లాడుతున్నారు. ఇది నా మొహం కాదా?"

అక్క గొంతు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేనూ ఎత్తేదాన్ని, ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం, అయిపోయేది. నేను అక్కడే నేలమీద కూలబడి ఏడ్చేశాను. నాకు భయమే. ఆ గడ్డ చూడకుండా ఉంటే అక్కకేమీ కాలేదని అనుకోవచ్చు. ఇన్నాళ్ళూ ఎవరెవరిమీదో విసుక్కుంటూ తిరిగాను గానీ, అసలు సంగతి ఇదీ.

"ఏడ్చింది చాలు. వెలుగు పోతుంది, కెమెరా తీసుకురా" అంది అక్క.

స్టూలు అదే చోట వేసి, అక్కని తిప్పి కూచోబెట్టాను. ఇప్పుడు కిటికీ కుడివైపు. సాయంత్రపు వెలుగు నేరుగా కుడి చెంప మీద పడింది. గడ్డ మీద చర్మం కొంచెం బిగుసుకుని, నున్నగా మెరుస్తోంది. చెవి తమ్మె దాని మీదికి ఎత్తినట్టయింది. ఇంత దగ్గరగా నేను చూడ్డం అదే మొదలు. చూసిన కొద్దీ అంత భయంకరంగా ఏమీ లేదు. మా అక్క చెంప, దాని వెనక ఒక వాపు.

బావ చెప్పకుండానే అట్ట తెచ్చి రెండోవైపు నిలబడ్డాడు. "ఎక్కడ పట్టుకోమంటావు?" అన్నాడు.

"నీ ఇష్టం వచ్చినంత దగ్గరగా పట్టుకో."

కన్ను కెమెరాకి ఆనించానా, ఏమీ కనపడదు. నీళ్ళు. తుడుచుకుని మళ్ళీ పెడితే మళ్ళీ అంతే. ఫోకస్ కుదరదు. అక్క కాసేపు ఓపిగ్గా కూచుంది. తర్వాత, "ఏడిస్తే ఏడువు గానీ, ఫోకస్ చూసుకుని ఏడువు. మళ్ళీ ఆ పళ్ళాయన మసగ్గా ఉందంటే నేను ఊరుకోను" అంది.

బావకి నవ్వొచ్చి అట్ట ఊగింది. వెలుగు ఒకసారి గది కప్పు మీదికీ గోడమీదికీ పోయి వచ్చింది. "నిన్ను పట్టుకోమంటే ఊగుతావేంటి" అని నేను ముక్కు చీదుకుంటూ కసిరాను. నా మొహం ఎలా ఉందో ఏమో, నన్ను చూసి అక్క నవ్వేసింది. ఆపుకోలేని నవ్వు. కళ్ళు సగం మూసుకుపోయి, తల వెనక్కి పోయి, కుడి చెంప మీద సొట్ట లోతుగా దిగింది, ఆ గడ్డకి బెత్తెడు కూడా దూరం లేదు. నేను నొక్కాను. ఫోకస్ చూసుకున్నానో లేదో నాకే తెలీదు.

తర్వాతి శనివారం దాన్ని క్లబ్బుకి తీసుకెళ్ళాను. ముందు వెళ్ళకూడదనుకున్నాను గానీ, వెళ్ళకపోతే నిద్ర పట్టేలా లేదు. నోరు మూసుకుని కూచున్నాను. పళ్ళ డాక్టరు జూమ్ చేయించి, చెంప షార్పుగా ఉంది, కన్ను కొంచెం తప్పింది అన్నాడు. అని ఊరుకోకుండా, "ఉండనివ్వండి, బాగుంది" అన్నాడు. గీతల మాస్టారు చాలాసేపు చూశారు. పొగుడుతారేమో అనుకున్నాను. "ఎడమవైపు ఖాళీ ఎక్కువ వదిలారమ్మా, కొంచెం కత్తిరించండి" అన్నారు. చూడండి మనిషి. ఇంటికొచ్చి కత్తిరించాను. బాగుంది. ప్రింటు తీయించి అక్కకిచ్చాను. అక్క దాన్ని చూసింది, "ఆఁ" అంది, బీరువాలో పెట్టుకుంది. ఈసారి నాకు తిరిగివ్వలేదు.

ఆపరేషన్ చాలాసేపు పట్టింది. గడ్డ మొత్తం వచ్చేసింది. నరం పైపాయ దక్కింది, కన్ను మూసుకుంటోంది. కిందిపాయ గడ్డకి అతుక్కుపోయి ఉందట, కొయ్యక తప్పలేదట. కోసి మళ్ళీ కలిపి కుట్టారు. కదలిక వస్తే నెలల మీద వస్తుంది, రాకపోనూవచ్చు అన్నారు డాక్టర్లు. బావ అన్నిటికీ తలూపాడు. నాకు వాళ్ళమీద కూడా కోపమొచ్చింది గానీ ఏం చేసుకోను.

కట్లు విప్పాక అక్క ఇంటికొచ్చింది. చెవి ముందు నుంచి మెడ దాకా గీతలా కుట్లు. నోరు కుడివైపు కొంచెం కిందికి జారింది. నీళ్ళు తాగితే ఆ పక్కనుంచి కారతాయి, తువ్వాలు పట్టుకుని తాగుతుంది. షాపువాళ్ళు నెమ్మదిగా రమ్మన్నారు. వ్యాయామాలు నేర్పే ఒకావిడ వచ్చి అద్దం ముందు ఏం చెయ్యాలో చూపించి వెళ్ళింది. బుగ్గలు పూరించడం, పెదవులు సాగదీయడం, నవ్వడానికి ప్రయత్నించడం. నవ్వాలని ఉన్నా లేకపోయినా రోజూ చెయ్యాలట.

ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ కిందివాటాలోకి తొంగిచూస్తే, అక్క అద్దం ముందు కూచునుంది. అద్దం చట్రానికి పక్కనే ఆ ప్రింటు దోపుకుంది. ఫొటోలోకి చూస్తుంది, అద్దంలోకి చూస్తుంది, పెదవి లాగుతుంది. ఎడమవైపు మాత్రమే పోతోంది. గడపలోనే నిలబడిపోయాను.

"వచ్చావా, ఇటు రా" అంది, మాటలు కొంచెం ముద్దగా వస్తున్నాయి. "ఇందులో చూసి చెప్పు, సొట్ట సరిగ్గా ఎక్కడ పడేది? నాకు అద్దంలో తిరగబడి కనపడుతోంది, తెలీట్లేదు. వేలు పెట్టి చూపించు. అక్కడ లాగాలని అనుకుంటూ లాగితే వస్తుందేమో."

నేను ఫొటో చూశాను. బ్యాగు కింద పెట్టి, అక్క కుడిపక్కన మోకాళ్ళమీద కూచుని, ఆ చెంప మీద వేలు పెట్టాను. వెచ్చగా ఉంది. కుట్ల దగ్గర కొంచెం గట్టిగా తగిలింది. అక్క కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, మెడ నరాలు తేలేలా లాగింది.

"కదిలిందా?" అంది.

కదిలిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. "లేదక్కా" అన్నాను.

"సరే," అంది అక్క, కళ్ళు తెరవకుండా. "వేలు తియ్యకు."